కుక్క గోక్కుంటే గజ్జేనా? అపోహలు – వాస్తవాలు

"డాక్టరు గారూ, కుక్కకి గజ్జి పట్టీసింది. ఇంజన్ ఆయిల్ రాసీమంటున్నారు, రాసీమంటారా?" శ్రీకాకుళంలో పశువైద్యం చేసేవాళ్లకి వానాకాలమంతా ఎదురయ్యే ప్రశ్న ఇది. రాయకముందే అడిగినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. చాలామంది రాసేశాకే తీసుకొస్తారు.

అపోహ: మెకానిక్ షాపులో పారబోసే నల్ల ఆయిల్ రాస్తే గజ్జి మాడిపోతుంది.

వాస్తవం: మాడేది చర్మం. అందులో ఇంధనం మడ్డి, ఇంజన్‌లో అరిగిన లోహాల పొడి ఉంటాయి. కొంత పుండ్లలోంచి ఒంట్లోకి దిగుతుంది, మిగతాది కుక్కే నాకి మింగుతుంది. వాంతులు మొదలై లివరు, కిడ్నీల దాకా పోవచ్చు. కిరోసిన్, ఫినాయిల్ కూడా వద్దు. జీడి తొక్క నూనె జోలికి అసలే పోవద్దు. జీడి పిక్కలు ఒలిచేవాళ్ల చేతులు ఎలా మాడిపోతాయో పలాస వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పటికే ఆయిల్ రాసేసి ఉంటే పొడిగుడ్డతో తుడిచి, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త గోరువెచ్చటి నీళ్లలో కలిపి కడగండి. నాకకుండా మెడకి కోన్ (గరాటు లాంటి పట్టీ) కట్టి తీసుకురండి. నాకేసిందని వాంతి మాత్రం చేయించొద్దు, ఆయిల్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: గోక్కుంటే గజ్జే.

వాస్తవం: ఎక్కడ గోక్కుంటోందో చూడండి. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట కింద పొక్కులు కట్టి, రాత్రి నిద్ర కూడా లేకుండా గోక్కుంటే గజ్జిని అనుమానించాలి. అప్పుడు ఇంట్లోవాళ్లకీ దద్దుర్లు రావచ్చు. నడుము వెనక, తోక మొదట్లో కొరుక్కుంటే ఫ్లీలు, అంటే గెంతే చిన్న పురుగులు. తెల్లకాగితం మీద దువ్వి, రాలిన నల్ల నలుసుల మీద తడి దూది అద్దండి. ఎర్రబడితే అది రక్తం తాగిన పురుగుల మలమే. ఏటా ఒకే కాలంలో కాలివేళ్ల మధ్య నాక్కుంటుంటే ఎక్కువగా అలర్జీ. జిడ్డు, పులిసిన వాసన ఉంటే ఈస్ట్, అంటే ఒక రకం బూజు, కావచ్చు. కుక్కపిల్లకి కళ్ల చుట్టూ బొచ్చు రాలి, దురద పెద్దగా లేకపోతే డెమోడెక్స్ అనే మరో రకం చర్మపు పురుగు కావచ్చు. అది మనకి అంటదు.

అపోహ: మందు వేసినా పిడుదులు మళ్లీ వచ్చాయి, మందు నకిలీది.

వాస్తవం: ఒక్క ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. ఫ్లీల గుడ్లు కుక్క పడుకునే గోనెసంచిలో రాలుతాయి. ఒంటికి మందు వేసి చోటుని వదిలేస్తే ఏం లాభం? సంచులు వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టండి. అరుగు మూలలు ఊడ్చి, పగుళ్లు పూడ్చండి. దొరికిన పిడుదుల్ని వేళ్లతో నలపొద్దు.

అపోహ: మన సబ్బు, యాంటిసెప్టిక్ లిక్విడ్‌తో రోజూ స్నానం చేయిస్తే తగ్గుతుంది.

వాస్తవం: కుక్క చర్మం మనకంటే పలచన. రోజూ రుద్దితే నూనె పోయి ఎండిపోతుంది, దురద పెరుగుతుంది. వేపాకు కాచిన నీళ్లతో ఒళ్లు కడగడం మంచిదే గానీ గజ్జికి అది చాలదు. డాక్టరు రాసిన షాంపూ అయితే పది నిమిషాలు ఒంటి మీద ఉంచి కడగాలి.

కోడిమాంసం మానేస్తే తగ్గుతుందంటారు. తిండి అలర్జీ ఉంటుంది, కానీ తేల్చాలంటే సుమారు ఎనిమిది వారాలు ఒకే పథ్యం పెట్టాలి. ముందు పురుగుల సంగతి చూడండి.

అపోహ: ఆవులకిచ్చే పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఒక్కటి పొడిస్తే చాలు.

వాస్తవం: దయచేసి సొంతంగా వేయొద్దు. కోలీ లాంటి కుక్కజాతుల్లో అది మెదడులోకి చేరి ప్రాణం తీయగలదు. పశువుల డోసు అంచనాగా వేస్తే ఊరకుక్కకైనా ప్రమాదమే. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము కూడా వద్దు, తామర అయితే ఇంకా పాకుతుంది.

చిగుళ్లు పాలిపోయినా, తిండి మానేసినా, పుండు నుంచి చీము కారినా, మరీ చిన్న కుక్కపిల్లయినా ఆలస్యం చేయొద్దు. మిగతా కేసుల్లో వచ్చే ముందు ఒంటికి ఏమీ రాయకండి. మేం చర్మం గీరి మైక్రోస్కోపులో చూస్తాం, పైన నూనె, పసుపు ఉంటే కంటికి ఆనని గజ్జి పురుగు సరిగ్గా కనబడకపోవచ్చు.