ఎంజీబీ ఇంజను విప్పడం, కట్టడం: పిల్లలకు ఉత్తరం

అబింగ్డన్, ఇంగ్లండు

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

షెడ్డులో ఉన్న అంబాసడర్‌ను సెలవుల్లో మీ నాన్నతో కలిసి మళ్లీ నడిపించాలనుకుంటున్నామనీ, అంతకంటే ముందు నేను ఇక్కడ ఎంజీబీ ఇంజనును ఇంట్లోనే విప్పి ఎలా కట్టానో వివరంగా రాయమనీ అడిగారు. పైకి చూస్తే ఈ రెండు బండ్లకూ పోలికే లేదు. ఒకటి ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కారు, మరొకటి ఇంటిల్లిపాదీ ఎక్కే కారు. కానీ బానెట్ ఎత్తితే రెండింటిలోనూ కనిపించేది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ ఇంజనే. మీ బండిలో ఉన్నది 1489 సీసీ, నా బండిలో ఉన్నది 1798 సీసీ. రెండింటిలోనూ పిస్టను కిందికీ పైకీ ప్రయాణించే దూరం ఒక్కటే, 88.9 మిల్లీమీటర్లు. తేడా అంతా సిలిండర్ వెడల్పులో ఉంది: మీది దాదాపు 73 మిల్లీమీటర్లు, నాది 80.26. కనుక నేను రాసే పద్ధతి మీకూ చాలావరకు పనికి వస్తుంది. అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్ నుంచే తీసుకోండి.

ఎంజీబీని 1962 నుంచి 1980 వరకు ఈ ఊళ్లోనే, ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉన్న అబింగ్డన్‌లో తయారు చేశారు. అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి పిస్టన్ల దగ్గర నుంచి గాస్కెట్ల (అతుకుల మధ్య సందు మూసే పలకల) దాకా, చివరికి కొత్త బాడీ షెల్ కూడా, నేటికీ దొరుకుతాయి. ఇంట్లో పని నేర్చుకోదలచినవారికి ఇంతకంటే మంచి పాత కారు లేదని నా నమ్మకం. ఇంజనులో బ్లాకు (సిలిండర్లు ఉండే ప్రధాన భాగం), హెడ్ (దాని పైన బిగించే మూత) రెండూ పోత ఇనుమే. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉండి, పుష్‌రాడ్లనే కడ్డీల ద్వారా పైనున్న వాల్వులను తెరుస్తుంది. మొదటి రెండేళ్లు, పిస్టన్ల కదలికను చుట్లుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌ను మూడు మెయిన్ బేరింగులే మోసేవి. 1964 చివర్లో వాటిని అయిదు చేశారు. నా బండి అయిదు బేరింగులది.

విప్పకముందే ఇంజనును అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇంజను వేడెక్కిన తరువాత ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కొక్క సిలిండర్‌లో కంప్రెషన్ ఎంత వస్తోందో గేజ్‌తో చూడాలి. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూడండి. ఆయిలు పిస్టను చుట్టూ ఉండే రింగుల దగ్గర చేరి సందును కాసేపు మూస్తుంది కనుక, అంకె పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో (సిలిండర్ లోపలి గోడలోనో) ఉన్నట్టు. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదన్నమాట. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో ఒకేలా తక్కువ వస్తే ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. పొగ కనిపించగానే బండి బోరుకొచ్చిందని (సిలిండర్లు కోయించాలని) తేల్చేసేవారు ఎక్కడైనా ఉంటారు. ఈ పరీక్ష చేయకుండా వారి మాట మీద ఇంజను దించకండి.

దించేటప్పుడు మీ నాన్న తప్పకుండా దగ్గర ఉండాలి. గొలుసు కప్పీకి వేలాడుతున్న ఇంజను కింద చెయ్యి కానీ కాలు కానీ పెట్టకూడదు. అంతకుముందే బ్యాటరీ తీసేసి, పెట్రోలు పైపు మూసేయాలి. ఈ విషయంలో ఇంతకంటే చెప్పవలసింది లేదు, ఇందులో మినహాయింపూ లేదు.

హెడ్ విప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. బీ-సిరీస్‌లో రాకర్ షాఫ్ట్‌ను (వాల్వులను నొక్కే రాకర్లు ఉండే ఇరుసును) పట్టి ఉంచే నట్లలో నాలుగు, హెడ్‌ను బిగించి ఉంచే నట్లు కూడా. రాకర్లు తీయాలని వాటిని మాత్రమే విప్పితే హెడ్ ఒక వైపే వదులై వంగే ప్రమాదం ఉంది. అందుకని నీళ్లు దింపేసి, హెడ్ నట్లన్నింటినీ మాన్యువల్‌లోని వరుసలో కొద్దికొద్దిగా వదులు చేస్తూ రావాలి. తీసిన ప్రతి వస్తువుకూ దాని స్థానం రాసి పెట్టండి. పుష్‌రాడ్లను అట్టపెట్టెకు ఎనిమిది కన్నాలు పొడిచి వరుసగా గుచ్చండి. క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులను ఫ్యాక్టరీలో బ్లాకుకు బిగించిన తరువాతే ఒకే గీతలో బోరు చేస్తారు కాబట్టి, ఏ క్యాపు ఏ స్థానానిదో, ఏ వైపు ముందుకు ఉండాలో మారితే క్రాంక్ తిరగనే తిరగదు. పిస్టన్లను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులకూ ఇదే వర్తిస్తుంది.

ఇక అసలు పని కొలవడం. ఇంట్లో ఇంజను కట్టుకునేవాడు నేర్చుకోవలసిన విద్య ఇదేనని నా అభిప్రాయం. బోరు చేయడం, క్రాంక్ గ్రైండింగ్ ఎలాగూ లేత్ షెడ్డు వారే చేస్తారు. ఎంత చేయాలి, అసలు చేయాలా వద్దా అన్నది మాత్రం మీరే తేల్చాలి.

హెడ్ తీశాక సిలిండర్ గోడ మీద, పై అంచుకు కొంచెం కింద, వేలి గోరుతో కింది నుంచి పైకి గీయండి. ఒకచోట గోరు మెట్టుకు తగిలినట్టు ఆగుతుంది. పై రింగు ప్రయాణం ముగిసేది అక్కడే. దాని పైన గోడ అరగలేదు, కింద అరిగింది. అరుగుదల అక్కడే ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. పెట్రోలు మండే క్షణాన పిస్టను దాదాపు పైనే ఉంటుంది. ఆ పీడనం రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. వేడి కూడా అక్కడే ఎక్కువ, ఆయిలు పొర అక్కడే పలచన. పైగా పిస్టను దిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పిస్టను ఒక పక్క గోడను గట్టిగా తోస్తుంది. అందుకే బోరు గుండ్రంగా కాక, ఇంజనుకు అడ్డంగా కొంచెం కోలగా అరుగుతుంది.

గోరు చెప్పేది అనుమానం మాత్రమే. అంకెను బోర్ గేజ్ చెప్పాలి. ప్రతి సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద, ఒక్కొక్క చోట నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచి పుస్తకంలో రాయండి. అంగుళంలో వెయ్యో వంతును ఇక్కడి షెడ్లలో ఒక థౌ అంటారు. ఎంజీబీ సిలిండర్ 3.160 అంగుళాలు ఉండాలి. కింద 3.160 ఉండి పైన 3.168 వచ్చిందనుకోండి, ఎనిమిది థౌ అరిగినట్టు. అంత అరిగిన బోరులో కొత్త రింగులు వేసినా అవి పైన వెడల్పుగా, కింద ఇరుకుగా నిరంతరం సాగుతూ ముడుచుకుంటూ ఉండాలి. దానికి 20 థౌ పెద్ద పిస్టన్లు తెప్పించి, ఆ పిస్టన్లను చేతిలో పెట్టి మరీ బోరు చేయించాలి. అదే రెండు, మూడు థౌ మాత్రమే అరిగి ఉంటే గోడలను హోనింగ్‌తో (రాపిడి రాళ్లతో) గరుకు చేసి కొత్త రింగులు వేస్తే చాలు. మంచి బోరును అలవాటు కొద్దీ కోయించుకోవడం నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఒక బ్లాకును కోయగలిగేది కొద్దిసార్లే. పోయిన ఇనుము తిరిగి రాదు.

క్రాంక్ జర్నళ్లనూ (బేరింగుల్లో తిరిగే గుండ్రని భాగాలనూ) మైక్రోమీటర్‌తో అలాగే కొలవాలి. దానికి ముందు అర్ధ వలయాల్లా ఉండే పాత షెల్ బేరింగులను వెలుతురులో పరీక్షగా చూడండి. బాగున్న షెల్ లోపలి ముఖం మసక బూడిద రంగులో నున్నగా ఉంటుంది. పై పొర అరిగిన చోట కింద ఉన్న రాగి రంగు బయటపడుతుంది. సన్నని గీతలు వరుసగా ఉంటే ఆయిలులో మురికి తిరిగిందని అర్థం. ఒకే అంచున రాగి తేలితే జర్నల్ వాలుగా అరిగిందేమో, రాడ్ వంగిందేమో చూడాలి.

లేత్ షెడ్డు ఎంచుకోవడంలో మీరు నాకంటే అదృష్టవంతులు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసేవారు వీధికొకరు ఉంటారు. మీ పుస్తకంలోని అంకెలు చూపించి, వారి చేత మళ్లీ కొలిపించి, రెండూ కలిసిన తరువాతే పని అప్పగించండి. హెడ్ ఇచ్చేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి ఉక్కు సీట్లు వేయించండి. పాత పెట్రోలులో ఉండే సీసం సీటు మీద పలచని పొరగా చేరి కాపాడేది. ఇంగ్లండులో 2000 జనవరి నుంచి ఆ పెట్రోలు మామూలు బంకుల్లో అమ్మడం ఆపేశారు, మన దేశంలోనూ ఆ ఏడే ఆగిపోయింది. సీసం లేని పెట్రోలుతో వేగంగా నడిపితే మెత్తని ఇనుప సీటు కొద్దికొద్దిగా కొట్టుకుపోయి వాల్వు లోపలికి దిగిపోతుంది.

షెడ్డు నుంచి వచ్చిన బ్లాకు మెరిసిపోతూ శుభ్రంగా కనిపిస్తుంది, కానీ దాన్ని నమ్మకండి. బోరు చేసిన, గ్రైండింగ్ చేసిన పొడి కంటికి కనబడకుండా ఆయిలు దారుల్లో దాక్కుంటుంది. ఆయిలు పంపు నుంచి ఫిల్టర్‌కు, అక్కడి నుంచి బ్లాకు పొడవునా ఉన్న గ్యాలరీకి, అందులోంచి మెయిన్ బేరింగులకు, క్రాంక్‌లోని సన్నని రంధ్రాల ద్వారా కనెక్టింగ్ రాడ్ల కింది చివర ఉండే బిగ్ ఎండ్ బేరింగులకు వెళుతుంది. ఫిల్టర్ దాటిన తరువాతి దారిలో ఒక్క రేణువు మిగిలినా దాన్ని ఆపేది ఏదీ లేదు, నేరుగా కొత్త షెల్ మీదికే చేరుతుంది. అందుకని గ్యాలరీ చివరి బిరడాలు తీయించి, సన్నని పొడవాటి బ్రష్షుతో వేడి సబ్బునీళ్లు పోస్తూ ప్రతి రంధ్రాన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు తోమండి. కంప్రెసర్ గాలితో ఊది, వెంటనే ఆరబెట్టి, తుప్పు పట్టకుండా ఆయిలు పూయండి. తరువాత తెల్లటి గుడ్డకు ఆయిలు అద్ది సిలిండర్ గోడ తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక పడినంతకాలం మళ్లీ కడగవలసిందే. ఇది విసుగు పుట్టించే పని. ఇంజను ఎన్నేళ్లు నడుస్తుందన్నది మాత్రం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

కట్టేటప్పుడు ముందు క్రాంక్. షెల్ వెనక వైపు పొడిగా, ముందు వైపు ఆయిలుతో ఉండాలి. మైనంలాంటి సన్నని ప్లాస్టిగేజ్ దారాన్ని ఆయిలు లేని జర్నల్ మీద పెట్టి, క్యాపు బిగించి విప్పితే అది నలిగి పరుచుకుంటుంది. దాని వెడల్పును కవరు మీది స్కేలుతో పోలిస్తే ఎంత సందు ఉందో తెలుస్తుంది. ఒకటి నుంచి రెండున్నర థౌ వరకు ఉంటే నిశ్చింత. మధ్య మెయిన్ బేరింగ్‌కు రెండు పక్కలా అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. వాటి గాడులు క్రాంక్ వైపే చూడాలి. ప్రతి క్యాపు బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పండి. సాఫీగా తిరగకపోతే అక్కడికక్కడే కారణం వెతకాలి తప్ప తరువాతి క్యాపుకు పోకూడదు.

రింగులను పిస్టనుకు ఎక్కించే ముందు ఒక్కొక్క రింగును దాని సిలిండర్‌లోనే పెట్టి, పిస్టనుతో సమంగా కిందికి నెట్టి, రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. నా సిలిండర్‌కు కనీసం 12 థౌ ఉండాలి. సందు చాలకపోతే వేడికి రింగు పెరిగి కొసలు ఒకదానికొకటి ఢీకొని, రింగు విరగడమో గోడ గీసుకుపోవడమో జరుగుతుంది. కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తే టాపెట్లు (క్యామ్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండే ముక్కలు) కూడా కొత్తవే వేయాలి. పాత టాపెట్ ముఖం పాత క్యామ్‌కు తగ్గట్టు అరిగి ఉంటుంది. కొత్తదాన్ని అది త్వరగా తినేస్తుంది. టైమింగ్ చక్రాల మీది గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా చైన్ ఎక్కించాలి. హెడ్ నట్లను మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో 45 నుంచి 50 పౌండ్-అడుగుల వరకు బిగించాలి.

టాపెట్ సెట్టింగ్‌లో, అంటే వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు సరిచేయడంలో, మీకు నచ్చే చిన్న లెక్క ఉంది. ముందు నుంచి వెనక్కి వాల్వులు ఎనిమిది. మీరు సరిచేయదలచిన వాల్వు అంకెను తొమ్మిదిలోంచి తీసేయండి. మిగిలిన అంకె గల వాల్వు పూర్తిగా తెరుచుకునే వరకు ఇంజను తిప్పితే, మీ వాల్వు పూర్తిగా మూసుకుని ఉంటుంది. మొదటిదానికి ఎనిమిదోది, మూడోదానికి ఆరోది. ఫైరింగ్ వరుస 1-3-4-2 కావడం వల్ల ఒకటి, నాలుగు పిస్టన్లు జంటగా కదులుతూ, క్యామ్ లెక్కలో సరిగ్గా అర చుట్టు ఎడంగా ఉంటాయి. రెండు, మూడు కూడా అంతే. ఎంజీబీకి ఇంజను చల్లగా ఉన్నప్పుడు సందు 15 థౌ.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, గేజ్‌లో ఆయిలు ప్రెషర్ కనిపించే దాకా స్టార్టర్‌తో తిప్పండి. ఆ తరువాతే ప్లగ్గులు బిగించి అంటించాలి. కొత్త క్యామ్ ఉన్న ఇంజనును అంటుకోగానే స్లోలో వదలకూడదు. క్యామ్‌కూ టాపెట్లకూ ఆయిలు ముఖ్యంగా క్రాంక్ చిమ్మడం వల్లనే అందుతుంది, స్లోలో అది చాలదు. ఇరవై నిమిషాల పాటు నిమిషానికి రెండు వేల చుట్లకు తగ్గకుండా, కొంచెం ఎక్కువ తక్కువ చేస్తూ నడపాలి. ఒకరు టెంపరేచర్, ఆయిలు ప్రెషర్ ముళ్లను చూస్తూ ఉండాలి, మరొకరు కింద ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. చల్లారిన తరువాత హెడ్ నట్లు, ఆ తరువాత టాపెట్లు మళ్లీ సరిచూడండి. ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిలు, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్‌ను కోసి మడతల్లో లోహపు రజను ఏమైనా ఉందేమో చూడండి.

ప్రస్తుతానికి హెడ్ వరకు విప్పి, నాలుగు సిలిండర్ల కొలతలూ రాసి నాకు పంపండి. అవి చూసే దాకా పిస్టన్లు కొనవద్దని మీ నాన్నతో చెప్పండి.

ఇట్లు
మీ తాతయ్య