మొక్కల సారం రక్తనాళం దాకా చేరుతుందా?

రక్తనాళాల లోపలి గోడ మీద ఒక్క కణం మందంలో ఒక పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. చాలాకాలం దాన్ని చొక్కాకు లోపల కుట్టిన అస్తరులాంటిదే అనుకున్నారు. 1980లో అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేసి చూస్తే, ఆ పొర బాగా ఉన్న ముక్కలు సడలాయి, పొర గీరుకుపోయినవి సడలలేదు. సడలమనే కబురు పంపేది ఆ పొరేనని అలా బయటపడింది. ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది ఇందుకే.

వెల్లుల్లి, పసుపు, ద్రాక్ష గింజలు, తెల్లమద్ది బెరడు లాంటివాటి సారాలు రక్తనాళాలకు మంచివని చెప్పేటప్పుడు తరచుగా చూపే ఆధారం కూడా ఇలాంటి పరీక్షే. ధమని ముక్క మీద సారం వేస్తారు, అది సడలుతుంది. ఫలితం నిజమైనదే. కానీ ధమని జబ్బు అంతకంటే చాలా లోతైనది. ఎండోథీలియం దెబ్బతిన్న చోట ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ గోడలోకి దూరి ఆక్సీకరణ చెందుతుంది. దాన్ని తినేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చిక్కుకుపోతాయి. ఏళ్ల తరబడి అది పెరిగి ప్లేక్ అనే కొవ్వు దిబ్బ అవుతుంది. ఏదో ఒక రోజు దాని పైకప్పు చిట్లి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకుంటుంది. గుండెపోట్లలో ఎక్కువ భాగం ఇలాగే వస్తాయి. దశాబ్దాల ఈ కథకు, గాజుపాత్రలో కొన్ని నిమిషాల సడలింపు జవాబు కాదు.

పైగా, గాజుపాత్రలో వేసిన పదార్థం రక్తంలో ఆ రూపంలో ఉండదు. పసుపులోని కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్‌ను పేగు గోడ, కాలేయం కలిసి వేరే అణువులుగా మార్చేస్తాయి. ధమని కణాలకు అందేది ఆ మారిన రూపమే, అదీ కొద్దిపాటి మోతాదులో.

ఈ విషయంలో గుగ్గులు అనే చెట్టు జిగురు కథ నన్ను బాగా ఆలోచింపజేసింది. సుశ్రుత సంహితలో మేదోరోగం (కొవ్వు పేరుకునే జబ్బు) గురించి చదివి, జి.వి. సత్యవతి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల మీద గుగ్గులును పరీక్షించారు. 1966లో సమర్పించిన ఆమె థీసిస్‌లో కొలెస్ట్రాల్ తగ్గినట్టు కనబడింది. తర్వాత భారతదేశంలో మనుషుల మీద జరిగిన కొన్ని చిన్న పరీక్షలూ ఆశ కలిగించాయి. 2003లో అమెరికాలో కొలెస్ట్రాల్ ఎక్కువున్న 103 మందికి 8 వారాలు గుగ్గులు సారమో, ప్లాసిబో అనే మందులేని ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. గుగ్గులు వాడినవాళ్లలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. కొందరికి చర్మం మీద దద్దుర్లూ వచ్చాయి. ఆహారం, శరీరతత్వం తేడాల వల్ల ఇలా జరిగి ఉండొచ్చని వాదించినవాళ్లు ఉన్నారు. ఆ వాదన తీసిపారేయదగ్గది కాదు. కానీ దాన్ని కూడా పరీక్షించి తేల్చాల్సిందే. పాత గ్రంథంలో దొరికిన ఆధారాన్ని ప్రయోగశాలకు తెచ్చిన సత్యవతి గారి పద్ధతిని నిజంగా గౌరవించడమంటే అదే.

అన్నీ విఫలమయ్యాయని కాదు. మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన స్టెరాల్స్ రోజుకు 2 గ్రాములు తీసుకుంటే పేగులో కొలెస్ట్రాల్ శోషణ తగ్గి, ఎల్‌డీఎల్ 8 నుంచి 10 శాతం దాకా దిగుతుంది. మానుపసుపు జాతి మొక్కల్లోని బెర్బెరిన్, కాలేయంలో ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి లాగేసే గ్రాహకాల సంఖ్యను పెంచుతుందని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు పనిచేసే దారి కాకుండా వేరే దారిలో పెంచుతుందని 2004లో తెలిసింది. నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే. గుండెపోట్లు తగ్గుతాయని చూపే పెద్ద పరీక్షలు మాత్రం దీనికి ఇంకా లేవు.

2022లో వెలువడిన మరో పరీక్షలో తక్కువ మోతాదు రోసువాస్టాటిన్‌ను వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క సప్లిమెంట్లతో నేరుగా పోల్చారు. 28 రోజుల్లో స్టాటిన్ వాడినవాళ్లకు ఎల్‌డీఎల్ సుమారు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లేవీ ప్లాసిబో కంటే చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు.

పనిచేయకపోతే పోనీ, హాని లేదు కదా అనే మాట నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతుంది. వెల్లుల్లి, గింకో చెట్టు ఆకుల సారాలు రక్తం పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కొన్ని స్టాటిన్లను శరీరం త్వరగా వదిలించుకునేలా చేస్తుంది. బెర్బెరిన్ అందుకు ఉల్టా, కొన్ని మందులను రక్తంలో ఎక్కువసేపు నిలిపేస్తుంది. అందుకే డాక్టరుకు మందుల జాబితా చెప్పేటప్పుడు ఈ సారాల పేర్లు కూడా అందులో ఉండాలి, ముఖ్యంగా ఆపరేషన్‌కు ముందు.