“ఆ మతంలో చట్టమే అలా ఉందట”: జైలు వార్తల చుట్టూ అపోహలు - వాస్తవాలు

“కన్యను ఉరి తీయడానికి మతం ఒప్పుకోదట. అందుకే ఇరాన్‌లో ముందురోజు రాత్రి జైల్లోనే కాపలావాడికిచ్చి పెళ్లి చేస్తారట.” ఇరాన్ పేరు వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా ఈ ఫార్వర్డు లేచి కూర్చుంటుంది. కొందరు వెంటనే పంచేస్తారు, ఇంకొందరు మతద్వేషంతో పుట్టించిన కట్టుకథ అని కొట్టిపారేస్తారు. ఇద్దరూ ఒకే చోట తప్పటడుగు వేస్తున్నారు. ఆ ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు మాటలున్నాయి: అలా రాసిపెట్టిన చట్టం ఉందా? అలాంటి ఘటనలు జరిగాయా? జరిగితే పైనుంచి ఆజ్ఞ వచ్చి జరిగాయా? మూడింటికీ వేర్వేరు ఆధారాలు వెతకాలి.

అపోహ: చట్టం లేదని తేలితే ఘటన కూడా అబద్ధమే.

చట్టం మాట మొదట తేల్చుకుందాం. ఇరాన్ శిక్షాస్మృతిని 2013లో తిరగరాశారు. గర్భిణికి ప్రసవమయ్యేదాకా మరణశిక్షను వాయిదా వేసే నిబంధన అందులో ఉంది. కన్యల ఉరిని ఆపే అధికరణ మాత్రం లేదు.

మరి ఘటనల సంగతి? ఇక్కడ బరువైన సాక్ష్యం ప్రభుత్వం లోపలినుంచే వచ్చింది. ఇరాన్ అప్పటి సర్వోన్నత నేత ఖొమైనీకి వారసుడిగా ఎంపికైన ఆయతొల్లా మొంతజెరీ, కొన్ని జైళ్లలో యువతులపై అత్యాచారాలు జరుగుతున్నాయని 1986లో ఖొమైనీకే లేఖ రాశారు. తర్వాత వచ్చిన తన జ్ఞాపకాల్లో ఇంకో సంగతి చెప్పారు. ప్రభుత్వాన్ని ఎదిరించిన ముజాహిదీన్ సంస్థకు చెందిన ఆడపిల్లలకు మరణశిక్షలు రాయొద్దని తాను న్యాయాధికారులకు చెబితే, “ముందు ఒక్క రాత్రికి పెళ్లి చేసి తర్వాత ఉరి తీయండి” అన్నట్టుగా ఆ మాటను వక్రీకరించి తన పేరు మీదే ప్రచారం చేశారని. అంటే ‘మత నియమం’గా తిరిగిన మాటకు ఒక మూలం వక్రీకరించిన సలహాలో కనబడుతోంది. పైనుంచి ఆజ్ఞ ఉందని మాత్రం దీనితో తేలదు. చెప్పినవాడికి లాభం లేకపోగా నష్టం తెచ్చే సాక్ష్యానికి విలువ ఎక్కువ. ఆయన 1988 నాటి రాజకీయ ఖైదీల సామూహిక ఉరులనూ వ్యతిరేకించారు, 1989 మార్చిలో వారసత్వమే పోగొట్టుకున్నారు.

దీని పక్కన 2009లో ఒక ఇజ్రాయెలీ పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ పెట్టి చూడండి. ఇలాంటి ‘పెళ్లిళ్ల’ గురించి చెప్పింది ఇరాన్ ప్రభుత్వ స్వచ్ఛంద దళమైన బసీజ్‌లో పేరు తెలియని ఒక్క సభ్యుడు. ఫార్వర్డులకు ఇష్టమైన ఆధారం ఇదే, రెండింటిలో బలహీనమైనదీ ఇదే.

మత న్యాయం నిజంగానే శిక్షను మలిచిన సందర్భాలు లేకపోలేదు. 1988లో వామపక్ష మహిళా ఖైదీలను మతం వదిలినవారిగా లెక్కగట్టారు. ఆ నేరానికి స్త్రీకి మరణశిక్ష ఉండదని జాఫరీ ఫిఖ్హ్ (షియాల మత న్యాయశాస్త్రం) చెబుతుంది కాబట్టి, ప్రతి నమాజు వేళా కొరడా దెబ్బలు కొట్టారు. ఇలా ఏ నేరం, ఏ సంప్రదాయం, ఏ శిక్ష అని విడదీసి చెప్పగలిగే వార్తను నమ్మవచ్చు. “షరియా ప్రకారం” అని ఊరుకునే వార్త దగ్గర ఆగాలి.

అపోహ: ఫత్వా (మతపెద్ద చెప్పే అభిప్రాయం), బిల్లు, చట్టం అన్నీ ఒకటే.

చనిపోయిన భార్యతో ఆరు గంటల్లోపు భర్త ‘కడసారి సంగమం’ చేసుకునేలా ఈజిప్ట్ చట్టం తెస్తోందని 2012 ఏప్రిల్‌లో ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. తవ్వితే దొరికింది అల్-అహ్రామ్ పత్రికలో ఒక కాలమ్, అంతకుముందెప్పుడో మొరాకో మతపెద్ద ఒకాయన చెప్పిన అభిప్రాయం. బిల్లు ప్రతిని ఎవరూ చూపించలేకపోయారు. కాబట్టి చట్టం అన్నవారిని బిల్లు సంఖ్యో, అధికరణ సంఖ్యో అడగండి. ఫత్వాకు చట్టబలం లేదని మన సుప్రీంకోర్టు కూడా 2014 జులైలో స్పష్టంగా చెప్పింది.

అపోహ: చట్టం నిషేధించింది కాబట్టి జైల్లో జరిగే అవకాశమే లేదు.

ప్రభుత్వాలకు అచ్చొచ్చిన అపోహ ఇది. నేరం ఒప్పించడానికి హింస పెట్టకూడదని ఇరాన్ రాజ్యాంగం 38వ అధికరణ అంటుంది. బలాత్కారానికి మరణశిక్ష అని శిక్షాస్మృతి 224వ అధికరణ అంటుంది. అయినా 2009లో కహ్రీజక్ నిర్బంధ కేంద్రంలో ఉంచిన ముగ్గురు యువకులు చనిపోయారు. మెదడువాపు జబ్బు అని మొదట చెప్పిన అధికారులు, దెబ్బల వల్లే పోయారని ఆఖరికి ఒప్పుకున్నారు.

బయట చూపించడానికి నిషేధం ఉంటుంది. లోపల వైద్య పరీక్ష, వకీలు, ఫిర్యాదు తీసుకునేవాడు ఉన్నారా అన్నదే చూడాలి.

అపోహ: పేరు చెప్పని సాక్షి మాటకు విలువ లేదు.

ఒక్కరే అయితే తక్కువే. ఒకరికొకరు తెలియనివాళ్లు, వేర్వేరు ఊళ్లలో, ఒకే తీరు చెబితే లెక్క మారిపోతుంది. మహ్సా అమినీ కస్టడీ మరణంపై ఇరాన్‌లో 2022లో రేగిన నిరసనల్లో పట్టుబడి లైంగిక హింసకు గురైన 45 మంది మాటలను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023 డిసెంబరులో బయటపెట్టింది: 26 మంది పురుషులు, 12 మంది స్త్రీలు, ఏడుగురు పిల్లలు. సగానికి పైగా ప్రావిన్సులవాళ్లు వీరిలో ఉన్నారు. బాధితుల్లో మగవాళ్లే ఎక్కువ. కన్యల ఫార్వర్డు చదివినవాళ్లకు ఈ సంగతి తట్టనే తట్టదు.

అపోహ: అంకె పెద్దదైతే అన్యాయం అందరికీ తెలుస్తుంది.

2022 నవంబరులో “ఇరాన్ 15,000 మంది నిరసనకారులకు మరణశిక్ష వేసింది” అన్న పోస్టు అప్పటి కెనడా ప్రధాని ట్రూడో దాకా పాకింది. ఆయన పంచుకుని, కొన్ని గంటల్లో తీసేశారు. అసలు జరిగిందేమిటంటే, 290 మంది ఎంపీల్లో 227 మంది నిరసనకారులను కఠినంగా శిక్షించాలంటూ ప్రకటన మీద సంతకం పెట్టారు. పార్లమెంటు శిక్షలు వేయదు. 15,000 అన్నది అరెస్టయిన వారి అంచనాకు దగ్గరి అంకె. రెండింటినీ ఎవరో అతికించారు.

ఇలాంటిది ఎదురైతే ముందు క్రియాపదం చూడండి: అరెస్టా, అభియోగమా, శిక్షా, అమలా? తర్వాత తేదీ. పర్షియన్ పత్రంలో 1401 అని ఉంటే అది 2022 మార్చి నుంచి 2023 మార్చి దాకా సాగిన ఏడాది. సౌర సంవత్సరానికి 621 కలపాలి, మన జనవరి నుంచి నౌరోజ్ (మార్చిలో వచ్చే పర్షియన్ కొత్త ఏడాది) దాకా అయితే 622. అరబిక్ చాంద్రమాన హిజ్రీకి ఈ లెక్క పనికిరాదు. ఫొటో ఉంటే గూగుల్ లెన్స్‌లో వేసి, అది మొదట కనబడిన తేదీ పట్టుకోండి. ఆఖరున అభియోగం పేరు: ‘మొహారెబే’ అంటే దేవుడిపై యుద్ధం, ‘ఎఫ్సాద్ ఫెల్ అర్జ్’ అంటే భూమ్మీద వినాశం. రెండింటికీ మరణశిక్ష పడొచ్చు.

ఆ నిరసనల కేసుల్లో తొలి ఉరి 2022 డిసెంబరు 8న, ‘మొహారెబే’ అభియోగం మీద. 12న మష్‌హద్‌లో నడివీధిలో రెండోది. 2023 జనవరి 7న ఒకేరోజు ఇద్దరిని. ఫార్వర్డులో 15,000 కొట్టేసి, ఈ తొలి నాలుగు ఉరులనూ తేదీలతో సహా రాయండి.