డబ్బాడు ఆయిల్ ప్రమాదకరం, కొండంత బూడిద కాదు

వరంగల్ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా ఒక మూలన నల్లటి ఆయిల్ డబ్బా ఉంటుంది. బండ్ల ఇంజన్ల నుంచి దించిన ఆయిల్ అది. చట్టం లెక్కలో ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూల్లో వాడేసిన ఆయిల్‌కు ప్రత్యేకంగా ఒక నంబరే ఉంది. అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి, మోరీలో పోయకూడదు.

అక్కడి నుంచి పరకాల, రేగొండ దాటి భూపాలపల్లి వైపు పోతే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం వస్తుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది మరొకటి. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే మిగులుతుంది కాబట్టి అక్కడ ఎంత పోగుపడుతుందో ఊహించుకోవచ్చు. ఆ బూడిదలో ఆర్సెనిక్, పాదరసం, సీసం ఆనవాళ్లు ఉంటాయి. అయినా అదే మొదటి షెడ్యూల్లోని ఒక చిన్న గమనిక దాన్ని పేరు పెట్టి మరీ జాబితాలోంచి తప్పించింది. పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ ఉన్న వ్యర్థాలట. బూడిదతో పాటు అల్యూమినియం కంపెనీల ఎర్ర బురద, ఎరువుల ఫ్యాక్టరీల ఫాస్ఫోజిప్సం, గనుల దగ్గర మిగిలే మట్టి కూడా ఆ వరుసలోనే ఉన్నాయి.

పరిమాణం ఎక్కువైతే భయం పెరగాలి గానీ తగ్గడమేంటి? ఈ తర్కం పాతది. దాని కథ చమురు బావుల దగ్గర మొదలవుతుంది.

మన దగ్గర బోరు వేయించిన ప్రతివాళ్లూ చూసిందే: బోరు బండి ఆడుతుంటే బూడిద రంగు బురద పైకి తన్నుకొచ్చి పక్కవాళ్ల చేన్లోకి పారుతుంది, ఓ చిన్న పంచాయితీ అవుతుంది. చమురు బావిది కూడా అదే పని, కాకపోతే లోతు రెండు మూడు కిలోమీటర్లు. రిగ్గు మొన వేడెక్కకుండా, లోపలి పీడనం పైకి తన్నకుండా డ్రిల్లింగ్ మడ్ పంపుతారు. బెంటొనైట్ మట్టి, రసాయనాలు, బరువు కోసం ముగ్గురాయి పొడి కలిపిన చిక్కటి ద్రవం అది. (ఆ ముగ్గురాయి మన మంగంపేట నుంచే విదేశాలకు పోతుంది.) అది రాతి ముక్కలతో కలిసి తిరిగి పైకి వస్తుంది. బావి పారడం మొదలయ్యాక నూనెతో పాటు ఉప్పునీరు వస్తుంది. కొన్నిచోట్ల అది సముద్రపు నీటికంటే ఎన్నో రెట్లు ఉప్పన. అందులో బెంజీన్ ఉండొచ్చు, భూమి లోపలి రేడియం ఉండొచ్చు. 1985 సంవత్సరానికి అమెరికా చమురు కంపెనీల సంఘం వేసిన లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో వాళ్ల బావుల నుంచి వచ్చిన ఉప్పునీరు 2,090 కోట్ల పీపాలు. నూనె పీపా ఒకటి తీస్తే నీళ్లు ఆరు పీపాలకు పైనే.

ప్రమాదకర వ్యర్థాలను పుట్టిన చోటి నుంచి పూడ్చే చోటి దాకా వెంటాడే చట్టాన్ని అమెరికా 1976లో తెచ్చింది. దాన్ని అమలు చేయాల్సిన పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, 1978లో ముసాయిదా రాస్తూ కొన్నింటిని 'ప్రత్యేక వ్యర్థాలు' అని విడిగా పెట్టింది. డ్రిల్లింగ్ బురద, ఉప్పునీరు, థర్మల్ బూడిద, గనుల మట్టి అందులోవే. ఇంత రాశిని మామూలు పద్ధతిలో పూడ్చడం సాధ్యం కాదు కాబట్టి తేలిక నిబంధనలు చాలన్నది వాళ్ల ఉద్దేశం. 1980 మేలో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ ప్రత్యేక వర్గం మాయమైంది. పరిశ్రమకు టెన్షన్ పట్టుకుంది.

అదే ఏడాది అక్టోబరులో వాళ్ల చట్టసభ, అంటే కాంగ్రెస్, ఆ చట్టానికి రెండు సవరణలు చేసింది. ఒకటి టెక్సాస్ సెనేటర్ లాయిడ్ బెంట్‌సన్ పేరు మీద: చమురు, సహజవాయువు, భూతాప శక్తి (భూమి లోపలి వేడి) కోసం తవ్వితే వచ్చే బురద, నీరు, వాటికి సంబంధించిన ఇతర వ్యర్థాలు అధ్యయనం పూర్తయ్యేదాకా ప్రమాదకర జాబితాలోకి రావు. రెండోది అలబామాకు చెందిన టామ్ బెవిల్ పేరు మీద: బొగ్గు బూడిదకు, గనుల వ్యర్థాలకు, సిమెంటు కొలిమి ధూళికి అదే వెసులుబాటు. టెక్సాస్‌లో చమురుంది, అలబామాలో బొగ్గుంది. ఇంతకంటే వివరించనక్కర్లేదు.

అధ్యయనం 1982కల్లా పూర్తి కావాలి. కాలేదు. 1985లో అలాస్కా పర్యావరణ సంఘం ఒకటి కోర్టుకెక్కాక నివేదిక కదిలింది, 1987 డిసెంబరులో బయటికొచ్చింది. 1988 జులైలో ఈపీఏ తేల్చిన మాట విచిత్రంగా ఉంటుంది. ఈ వ్యర్థాల్లో కొన్నింట్లో హానికర పదార్థాలు ప్రమాదకర స్థాయిలో ఉన్న మాట నిజమేనని ఒప్పుకుంది. రాష్ట్రాల నియంత్రణలో లొసుగులున్నాయనీ చెప్పింది. అయినా కఠిన నిబంధనలు పెడితే పరిశ్రమ ఖర్చు మోయలేదని, చమురు ఉత్పత్తి దెబ్బతింటుందని అంటూ మినహాయింపును శాశ్వతం చేసింది. ఇక ఆ చోట ఒక వింత మిగిలిపోయింది. రిగ్గు పక్కన గుంటలో ఉన్న బురదకు మినహాయింపు ఉంది, అదే రిగ్గు ఇంజన్‌లోంచి దించిన ఆయిల్‌కు లేదు. ఆటోనగర్ డబ్బా కథే అక్కడా. 2016లో పర్యావరణ సంఘాలు మళ్లీ దావా వేస్తే, 2019లో మార్పు అవసరం లేదని సంస్థ చెప్పేసింది.

బూడిద సంగతి 2008 డిసెంబరు 22న మరోసారి తెరమీదికొచ్చింది. టెన్నెసీలోని కింగ్‌స్టన్ థర్మల్ కేంద్రంలో బూడిద చెరువు గట్టు తెగి, 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా తడిబూడిద నదిలోకి, ఇళ్ల మీదికి పడింది. దాని తర్వాత 2015లో గట్లకు, భూగర్భ జలాల పరీక్షలకు నిబంధనలొచ్చాయి, 'ప్రమాదకర' అన్న ముద్ర మాత్రం పడలేదు.

మన దేశం భోపాల్ తర్వాతే కళ్లు తెరిచింది. 1986లో పర్యావరణ చట్టం, 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, తర్వాత 2008లో, 2016లో కొత్తవి. చమురు విషయంలో మనం అమెరికాకంటే కొంచెం మెరుగు. ముడి చమురు, సహజవాయువు ఉత్పత్తి మన షెడ్యూల్లో ఉంది: నూనె కలిసిన డ్రిల్లింగ్ మడ్, నూనె బురద ప్రమాదకరమే. నీటి ఆధారిత మడ్‌తో వచ్చిన రాతి ముక్కలకు మాత్రం సడలింపు. గోదావరి కింది జిల్లాల వాళ్లకు దీని అవసరం ఎక్కువ. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. ఆ మంటను అందరూ తలుచుకుంటారు, బావుల పక్క గుంటల్లో ఎండిన బురదను ఎవరూ తలుచుకోరు.

మన వైపు చమురు బావులు లేకపోయినా లోతు నుంచి వచ్చే వేడినీళ్లున్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీరు ఉబికింది. దానితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్ కేంద్రం సింగరేణి కట్టించింది. నీటి వేడిని తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే మరో ద్రవానికి అందించి టర్బైన్ తిప్పుతారు. ఇంత చిన్నదానితో ఇబ్బంది లేదు. పెద్దవి వస్తే, భూతాప జలాల్లో కరిగి వచ్చే సిలికా, ఆర్సెనిక్, బోరాన్ పైపుల్లో పేరుకుంటాయి. మన షెడ్యూల్ శీర్షికలో ముడి చమురు, సహజవాయువు మాత్రమే రాసి ఉంది, భూతాపం మాట లేదు.

అసలు బూడిద రాశి ఉత్తరాన ఉంది. రామగుండం ఎన్టీపీసీ 1983 నుంచి నడుస్తోంది, 2,600 మెగావాట్లు. దాని బూడిద కుందనపల్లి వైపు చేరుతుంది, ఎండాకాలం గాలికి ఊళ్ల మీద పడుతుంది. ఆవల జైపూర్‌లో సింగరేణి సొంత కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వం 1999లో బూడిద వాడకంపై తొలి ఉత్తర్వు ఇచ్చింది: థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో బూడిద కలపాలని. 2003లో ఆ దూరం 100 కిలోమీటర్లయింది, 2016లో 300. చివరికి 2021 డిసెంబరు 31న నూరు శాతం వాడి తీరాలని, వాడని ప్రతి టన్నుకు 1,000 రూపాయలు కట్టాలని చెప్పారు.

డబ్బు కట్టడం వేరు, వెంటాడటం వేరు. ప్రమాదకర వ్యర్థం డ్రమ్ము దుండిగల్ పూడిక కేంద్రానికి బయల్దేరాలంటే ఏడు రంగుల ఏడు ప్రతుల మ్యానిఫెస్ట్ చీటీ దాని వెంట ఉండాలి. ఎవరు పంపారో, ఎవరు మోశారో, ఎక్కడ దించారో ఒక్కో ప్రతి ఒక్కో చేతికి చేరుతుంది. చెల్పూరు నుంచి ఇటుక బట్టీకి వచ్చే బూడిద లారీకి ఆ చీటీ అక్కర్లేదు.