చవక ఆయిల్ పోస్తే ట్రాక్టర్ ఇంజన్ పోతుందా?

ట్రాక్టర్లు విప్పి బిగించే పని నాది. కొత్త పరిచయమైనా, పాత గిరాకీ అయినా అడిగేది ఒకటే: "షాపువాళ్లు సొంత పేరుతో అమ్మే ఆయిల్ చవగ్గా వస్తోంది, పోయొచ్చా?" పోయొచ్చండీ. కాకపోతే డబ్బాను ఒకసారి వెనక్కి తిప్పి చదవాలి.

అపోహ: చవక ఆయిల్ అంటే నాసిరకం.

వాస్తవం: షాపువాళ్లు ఆయిల్ తయారు చేయరు. ఆయిల్ కలిపి తయారు చేసే బ్లెండింగ్ ప్లాంట్లలో చేయించి తమ లేబుల్ వేయించుకుంటారు. నాణ్యత సంగతి తేల్చేది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడ్. డీజిల్ ఇంజన్ ఆయిల్‌కి అది 'సి'తో మొదలవుతుంది: సీహెచ్-4 1998లో వచ్చింది, సీఐ-4 2002లో, సీకే-4 2016లో. మాన్యువల్ సీహెచ్-4 అడిగితే సీఐ-4 పోసినా ఫర్వాలేదు. సీఐ-4 అడిగిన చోట పాత సీఎఫ్-4 పోస్తే మాత్రం తప్పే, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. పొగ గొట్టంలో డీపీఎఫ్, అంటే మసిని పట్టే ఫిల్టర్, ఉన్న కొత్త ఇంజన్లకు బూడిద తక్కువ మిగిల్చే సీజే-4, సీకే-4 కావాలి.

నేను భయపడే చవక ఆయిల్ ఇంకోటుంది. 'ఎస్ఏ' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో అడిటివ్‌లే, అంటే ఇంజన్‌ను కాపాడే కలుపు రసాయనాలే, ఉండవు. 1930 తర్వాత తయారైన పెట్రోల్ ఇంజన్లలో చాలావాటికి అది పనికిరాదని ఏపీఐ వాళ్లే చెబుతారు. ఇక అసలు గ్రేడే రాయని డబ్బా అంటారా, గేటు బందులకు కందెనగా వాడుకోండి.

అపోహ: నల్లబడింది కాబట్టి ఆయిల్ పాడైంది.

వాస్తవం: డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని ముద్దకట్టనీయకుండా తనలో నిలుపుకోవడమే దాని పని. వేళ్ల మధ్య రుద్ది "జిగట చచ్చింది" అని తీర్పు చెప్పేవాళ్లున్నారు. అలవాటు కొద్దీ నేనూ రుద్దుతాను, తెలిసేదేమీ ఉండదు. గేజు కడ్డీ మీద మట్టం పెరిగితే, లేదా ఆయిల్ తెల్లటి నురగలా కనిపిస్తే మాత్రం బండి ఆపేయండి. లోపలికి డీజిలో నీళ్లో దిగుతుండవచ్చు. దానికీ ఆయిల్ ధరకీ సంబంధం లేదు.

అపోహ: ఎంత చిక్కగా ఉంటే అంత బలం.

వాస్తవం: ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకె 15డబ్ల్యూ-40 అని మాన్యువల్ అంటే అదే పోయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కటి ఆయిల్ పైన వాల్వులను నొక్కే రాకర్ల దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపట్లో జరిగే అరుగుదల ఎవరికీ కనిపించదు.

అపోహ: ఖరీదైనది పోస్తే రెండింతలు నడపొచ్చు.

వాస్తవం: నా దగ్గరికొచ్చే ఇంజన్లలో ఎక్కువ భాగం పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. చాలా ట్రాక్టర్లకు ఆయిల్ మార్చే గడువు 250 గంటలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఒకాయన మంచి పేరున్న ఆయిల్ పోసి, ఆ ధైర్యంతో ఆరొందల గంటలు లాగించారు. విప్పి చూస్తే క్రాంక్ బేరింగుల పైపూత లేచిపోయి రాగి కనిపిస్తోంది. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాన్ని విరిచే అడిటివ్‌లు ఖర్చయిపోయాక డబ్బా మీది పేరు ఆదుకోదు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర చిన్న సందున్నా లోపలికెళ్లే మట్టి రింగుల్ని ఆకురాయిలా గీస్తుంది. చవక ఆయిల్ కొంటే మిగిలే డబ్బుతో ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ సకాలంలో మార్చండి, నా మాటగా.

అపోహ: ఇంజన్ ఆయిలే వెనక గేర్లు, బ్రేకులుండే పెట్టెలోనూ పోయొచ్చు.

వాస్తవం: ఆయిల్‌లో మునిగి పనిచేసే బ్రేకులు, గేర్లు, హైడ్రాలిక్ అన్నీ ఒకే ఆయిల్‌తో నడిచే బండ్లకు యూటీటీఓ రకం, అంటే ఈ మూడు పనులకూ కలిపి చేసిన ట్రాక్టర్ ఆయిల్, కావాలి. మామూలు ఇంజన్ ఆయిల్ పోస్తే బ్రేకులు కీచుమంటాయి, సరిగా పట్టవు. ఇక్కడ చవకతనం నిజంగా ప్రమాదమే. '303' అని రాసిన హైడ్రాలిక్ ఆయిల్ ఆ కోవలోదే. దశాబ్దాల కిందటే వదిలేసిన జాన్ డీర్ ట్రాక్టర్ కంపెనీ స్పెసిఫికేషన్ అది. మీ మాన్యువల్‌లో ఉన్న పేరు, ఉదాహరణకు జే20సీ, డబ్బా మీద ఉందో లేదో చూడండి. టూ-స్ట్రోక్ స్ప్రేయర్‌కైతే పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిలే. ట్రాక్టర్ డబ్బాలోది పొరపాటున కూడా కలపొద్దు.

వేర్వేరు కంపెనీల ఆయిల్ కలిస్తే విరిగిపోతుందన్న భయమూ ఉంది. ఏపీఐ గ్రేడ్ ఉన్న ఇంజన్ ఆయిల్స్ ఒకదానితో ఒకటి కలవాల్సిందే, అది పరీక్షలో భాగం. మట్టం తగ్గితే దొరికింది పోసి పని కానివ్వండి, గ్రేడ్ మాత్రం మీ మాన్యువల్‌కు సరిపడేదే ఉండాలి.

ఇక వారంటీ. సాధారణంగా మాన్యువల్ పట్టుబట్టేది గ్రేడ్ మీద. ఆయిల్ బిల్లు దాచండి, మార్చిన రోజు మీటర్‌లో ఎన్ని గంటలున్నాయో దాని వెనకే రాసుకోండి.