తెల్లారేసరికి దిగిపోయే బ్యాటరీ

రాత్రి బండి ఆపినప్పుడు అంతా బాగానే ఉంటుంది. పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ ‘టిక్’మని ఊరుకుంటుంది. పాత ట్రక్కుల్లో ఈ జబ్బుకి చాలామంది చేసే మొదటి వైద్యం కొత్త బ్యాటరీ. నెల తిరక్కుండా అదీ పడుకుంటుంది. ఎందుకంటే బ్యాటరీ ఖాళీ కావడానికి మూడు దారులున్నాయి: ఎక్కించిన ఛార్జీని అది నిలుపుకోలేకపోవచ్చు, ఇంజను తిరుగుతున్నప్పుడు కరెంటు పుట్టించే డైనమో (ఆల్టర్నేటర్) సరిగా నింపకపోవచ్చు, లేదా బండి ఆగి ఉన్నప్పుడు ఏదో ఒకటి దొంగచాటుగా కరెంటు తాగుతూ ఉండొచ్చు. మూడోదాన్ని పట్టుకోవడమే కష్టం. అయినా మొదటి రెండూ తేల్చకుండా దాని వెంటపడితే రోజంతా వృథా.

బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి, వైర్లు తీసేసి ఒక రాత్రి వదిలేయండి. 12 వోల్టుల బ్యాటరీ పొద్దున 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కి దిగువైతే దాదాపు ఖాళీ. వైర్లేమీ లేకుండానే దిగిపోయిందంటే తప్పు బ్యాటరీదే. మూతలు తీసే రకమైతే లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడండి. ఒక సెల్లు మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపిస్తే దాని మీద ఆశ వదులుకోవచ్చు. ఇక డైనమో సంగతి: ఇంజను నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 24 వోల్టుల బండైతే ఈ వోల్టుల లెక్కలన్నీ రెట్టింపు.

ఈ రెండూ బాగుంటే ఇక దొంగ కోసం వెతకాలి. తాళంచెవి తీసేసి, తలుపు దగ్గరి లైటు స్విచ్‌ని లోపలికి నొక్కి టేపు వేయండి. లేకపోతే క్యాబిన్ లైటే లెక్కను పాడుచేస్తుంది. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య ముందుగా 21 వాట్ల బల్బు ఒకటి పెట్టండి. నేరుగా మీటరు పెట్టకపోవడానికి కారణముంది: లోపల పెద్ద షార్ట్ ఉంటే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. బల్బైతే ధగధగా వెలిగి ఆ మాట చెప్పేస్తుంది, తనగుండా రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. బల్బు వెలగకపోతేనో, మినుకుమంటేనో అప్పుడు మల్టీమీటరు ఎర్ర వైరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి అదే చోట కలపండి. మీటరు ఉన్నంతసేపూ తాళం తిప్పొద్దు. సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లు.

గడియారం, రేడియో జ్ఞాపకం మాత్రమే ఉన్న పాత బండిలో 20, 30 మిల్లీఆంపియర్లు మామూలే. 50 దాటితే అనుమానించాలి. అయితే ఎలక్ట్రానిక్ పెట్టెలున్న బండైతే అవి నిద్రపోయేదాకా అరగంట ఆగి చూడండి. డ్యాష్‌బోర్డు అరలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బుని తీసుకోండి. అది లాగేది 0.4 ఆంపియర్లే. కానీ రోజుకి దాదాపు 10 ఆంపియర్-అవర్లు పోతాయి. 80 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో సగానికి వస్తుంది. అర మూసినప్పుడు లైటు ఆరిందో లేదో చూడటానికి ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టి లోపల మూసేయడం కంటే సులువైన దారి లేదు.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ మీటరు ఎప్పుడు పడిపోతుందో చూడటం అందరికీ తెలిసిన పద్ధతే. దాంట్లో ఒక చిక్కుంది. అతుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఏదైనా ఉంటే, ఫ్యూజు పీకగానే అది విడిపోవచ్చు. తిరిగి పెడితే అంతా బాగున్నట్టే కనబడుతుంది, మూడు రోజుల తర్వాత మళ్లీ మొదలు. అందుకే ఫ్యూజుని కదపకుండా, దాని నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవడం మేలు. గాజు ఫ్యూజైతే రెండు చివరల టోపీల మధ్య. సున్నా వస్తే దాంట్లోంచి ఏమీ పోవడం లేదు. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 3 మిల్లీవోల్టులు వచ్చినా దాదాపు ఆ డ్యాష్‌బోర్డు అరలోని బల్బంత కరెంటు పోతున్నట్టే. రిలేలని చేత్తో తాకి కూడా చూడండి. ఆగి ఉన్న బండిలో వెచ్చగా తగిలిన రిలే దాదాపుగా దొరికిన దొంగే.

ఫ్యూజులన్నీ తీసినా మీటరు దిగలేదా? చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. డైనమో నుంచి, సెల్ఫ్ నుంచి వచ్చే లావు వైర్లు చాలా పాత బండ్లలో ఫ్యూజు పెట్టె గుండా పోవు, నేరుగా బ్యాటరీకి వెళ్తాయి. డైనమోలో ఉండే డయోడ్లు కరెంటుని బ్యాటరీ వైపే వదలాలి. ఒకటి చెడితే బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమో చుట్టల్లోకి పారుతుంది. ఇంజను చల్లారిన గంటల తర్వాత కూడా డైనమో ఒళ్లు వెచ్చగా ఉంటే ఇదే కారణమనుకోవచ్చు. తేల్చుకోవాలంటే మీటరు విప్పేసి, డైనమో లావు వైరు ఊడదీసి, దాని మొనకి టేపు చుట్టి, మీటరు మళ్లీ కలపండి. కరెంటు పడిపోతే డైనమోదే తప్పు. ఇంజను నడుస్తుండగా మాత్రం ఆ వైరు ఎన్నడూ తీయొద్దు.

పాత ట్రక్కుల్లో అందరికన్నా ముందు అనుమానించాల్సింది తర్వాత ఎవరో కలిపిన వైర్లని: స్టీరియో, అదనపు లైట్లు, గాలి హారన్. స్టీరియోకి సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, ఎర్ర వైరు తాళం తిప్పితే వచ్చే చోటికి వెళ్లాలి. రెండూ కలిపి బ్యాటరీకి చుట్టేస్తే స్టీరియో ఎన్నటికీ నిద్రపోదు. 24 వోల్టుల బండిలో జత బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు లాగి స్టీరియోకి ఇవ్వడం మరో తప్పు. ఒకటి ఎండిపోతుంది, రెండోది పొంగేదాకా ఛార్జ్ అవుతుంది, చివరికి రెండూ పోతాయి. 24ని 12కి దించే కన్వర్టర్ పెడితే ఈ బాధ తప్పుతుంది.

దొంగ దొరికాక బండిని నడిపి డైనమోతోనే నింపుదామనుకోవద్దు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ బ్యాటరీ లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతూ ఉంటుంది. ఆ రాత్రే ఛార్జరు తగిలించండి.