ఫాల్ట్ ఎందుకు జారుతుంది? భూకంపాల పుట్టుకపై అపోహలు – వాస్తవాలు

2024 డిసెంబరు 4 పొద్దున 7:27కి ములుగు జిల్లాలో 5.3 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. భూమి కదలడం ఆగింది గానీ వాట్సాప్ మాత్రం కదులుతూనే ఉంది. అలా చేతులు మారుతుండే మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: భూఫలకాలు గుద్దుకున్నప్పుడు భూకంపం వస్తుంది.

ఒక్క క్షణంలో గుద్దుకోవడమంటూ ఏదీ ఉండదు. హిమాలయాల కిందికి మన ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న పెద్ద రాతి పలక, చొరబడేది ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు. గోళ్లు ఇంతకంటే తొందరగా పెరుగుతాయి. అక్కడి ఫాల్ట్, అంటే రెండు పక్కల రాయీ ఒకదాని మీద ఒకటి జారే పగులు, బిగుసుకుని ఉండడంతో ఆ కాస్త కూడా జరిగే దారి లేక రాయి వంగుతుంది, విల్లులా. 200 ఏళ్లు అలాగే గడిస్తే 4 మీటర్ల బాకీ పేరుకుంటుంది. భూకంపం నాడు కొన్ని సెకన్లలో తీరేది ఆ బాకీయే. 1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపానికి ముందూ వెనకా చేసిన సర్వే కొలతలను పోల్చి అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్ ఈ సంగతి 1910లోనే చెప్పాడు.

అపోహ: ఒత్తిడికి రాయి పగలడమే భూకంపం.

చాలావరకు కాదు. ఏనాడో పగిలిన చోటే మళ్లీ జారుతుంది. ఆ పగులును అన్నేళ్లూ పట్టి ఉంచేది ఘర్షణ. అయిదు కిలోమీటర్ల లోతులో ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 1,350 కిలోల రాతి బరువు కూర్చుని ఉంటుంది. ల్యాబులో కొలిస్తే చాలా రాళ్ల ఘర్షణ గుణకం 0.6 నుంచి 0.85 దాకా వస్తుంది. అంటే అదిమే బలంలో 60 నుంచి 85 శాతం బలంతో పక్కకు నెడితే గానీ రాయి జారదు. పట్టు గట్టిదే. మరి ఎలా వదులుతుంది?

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక ఇటుకకు సైకిల్ ట్యూబు ముక్క కట్టి, సిమెంటు గచ్చు మీద పెట్టి, ట్యూబు కొసను సెకనుకు సెంటీమీటరు చొప్పున నిదానంగా లాగండి. ముందు గచ్చు శుభ్రంగా తుడవాలి. ఇసుక ఉంటే రేణువులు గుండ్లలా దొర్లి మొత్తం చెడగొడతాయి. మొదట ఇటుక కదలదు, ట్యూబు సాగుతుంది. ఉన్నట్టుండి ఇటుక ముందుకు దూకి ఆగిపోతుంది. మళ్లీ ట్యూబు సాగుతుంది, మళ్లీ దూకుతుంది. ఆగిన చోటల్లా చాక్‌పీసుతో గీత పెట్టండి. గీతల మధ్య దూరాలు సమానంగా ఉండవు. ఇప్పుడు ట్యూబు తీసేసి సాగని తాడు కట్టి లాగండి. దూకుడు చాలావరకు పోయి ఇటుక ఈడ్చుకుంటూ వస్తుంది.

ఇటుక అదే, గచ్చు అదే. మారింది లాగేదాని బిగువు. జారడం మొదలవగానే ఘర్షణ తగ్గుతుంది. తాడైతే ఇటుక రవ్వంత కదలగానే లాగుడు కూడా సడలిపోతుంది, అక్కడితో సరి. ట్యూబులో లాగుడు అంత తొందరగా తగ్గదు. ఘర్షణ తగ్గిపోయి లాగుడు మిగిలిపోతే ఆ మిగులే ఇటుకను విసురుతుంది.

భూమిలో ట్యూబు పని చేసేది చుట్టూ ఉన్న రాయే. ఇక్కడే అసలు కిటుకుంది. ఫాల్ట్ మీద చిన్న మేర మాత్రమే జారుతుంటే చుట్టుపక్కల రాయి తాడులా బిగువుగా పట్టేస్తుంది. జారే మేర పెద్దదయ్యేకొద్దీ అదే రాయి ట్యూబులా మెత్తబడుతుంది. ఒక హద్దు దాటాక ఇక ఆగదు. అప్పటిదాకా నత్తనడకన పాకినది సెకనుకు మీటరు వేగం అందుకుంటుంది. భూకంపాలను చదివే మా భాషలో దీన్నే న్యూక్లియేషన్ అంటాం.

అన్ని ఫాల్టులూ ఇలా దూకవు. కొన్నిచోట్ల జారే వేగం పెరిగితే ఘర్షణ కూడా పెరుగుతుంది. కాలిఫోర్నియాలోని హోలిస్టర్ ఊరి కింద కలవెరాస్ ఫాల్ట్ అలా చడీచప్పుడు లేకుండా పాకుతోంది. ఊళ్లో ఫుట్‌పాత్ అంచులూ ప్రహరీ గోడలూ వంకర తిరిగి ఉంటాయి.

అపోహ: భూమి నోరు తెరిచి మనుషుల్ని మింగేస్తుంది.

సినిమాల్లో మాత్రమే. ఫాల్ట్ రెండు వైపులూ ఒకదాన్నొకటి అదుముకుంటూనే జారతాయి. నేల మీద కనిపించే నెర్రెలు ఎక్కువగా వదులు మట్టి కుంగడం వల్ల, గట్లు జారడం వల్ల పడతాయి.

అపోహ: భూకంప కేంద్రం దగ్గరే అంతా జరుగుతుంది.

కేంద్రమంటే చిరుగు మొదలైన చోటు, అంతే. గుడ్డ చింపినట్టు అక్కడి నుంచి ఫాల్ట్ వెంట సెకనుకు 2–3 కిలోమీటర్ల వేగంతో చిరుగు పరుగెడుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో అది మొదలైంది గోర్ఖా జిల్లాలో. అక్కడి నుంచి తూర్పుకు తిరిగి కఠ్మాండూ కిందుగా సాగింది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర మొదలైన చిరుగు అండమాన్ దాకా 1,200 కిలోమీటర్లకు పైగా నడిచింది. దానికి పట్టింది ఎనిమిది నిమిషాల పైమాటే. మ్యాపులో ఎర్ర చుక్క చూసి ‘మనకు దూరంలే’ అనుకోవడం అందుకే పొరపాటు.

అపోహ: డ్యాము నీళ్ల బరువుకు భూమి కుంగి భూకంపం వస్తుంది.

లెక్క వేసి చూడండి. మహారాష్ట్రలోని కోయ్నా డ్యాము ఎత్తు 103 మీటర్లు. నిండుగా ఉన్నా అడుగున నీటి పీడనం సుమారు 10 వాతావరణ పీడనాలు. అయిదు కిలోమీటర్ల లోతులో రాతి బరువు 1,300కు పైన. బరువుగా చూస్తే నీటిది చిల్లర. అసలు పని చేసేది పగుళ్ల వెంట లోపలికి పాకే పీడనం. అది ఫాల్ట్ రెండు ముఖాలను ఎడంగా నెట్టి, వాటిని అదిమి ఉంచే బలాన్ని ఆ మేరకు తగ్గిస్తుంది, దాంతో ఘర్షణా తగ్గుతుంది. పీడనం అంత లోతుకు చేరడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. కోయ్నాలో నీళ్లు నింపడం 1960ల మొదట్లో ఆరంభమైతే 6.3 భూకంపం వచ్చింది 1967 డిసెంబరు 11న. అయితే జారడానికి సిద్ధంగా ఉన్న ఫాల్ట్ కింద లేకపోతే ఎంత నీరు నింపినా ఏమీ కాదు. నీరు కారణం కాదు, సాకు.

అపోహ: చిన్న భూకంపాలు వస్తుంటే ఒత్తిడి తగ్గిపోయి పెద్దది రాదు.

మాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే శక్తి 32 రెట్లు. ఒక్క 7 రావలసిన చోట దాని శక్తి తీరాలంటే 5 మాగ్నిట్యూడ్‌వి వెయ్యి రావాలి. ఏ ఊళ్లోనూ అన్ని రావు. పైగా ఒకచోట తగ్గిన ఒత్తిడి చిరుగు ఆగిన అంచుల దగ్గర పెరుగుతుంది. నేపాల్‌లో 2015 మే 12న 7.3 వచ్చింది ఏప్రిల్ చిరుగు తూర్పు కొస దగ్గరే.

అపోహ: తగినన్ని పరికరాలు పెడితే తేదీ చెప్పేయొచ్చు.

4 మాగ్నిట్యూడూ 8 మాగ్నిట్యూడూ మొదలయ్యే తీరులో పెద్ద తేడా కనబడదు. చిరుగు ఎక్కడ ఆగుతుందన్నదే తేడా. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో ఇంచుమించు ఒకే సైజు భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్లకొకటి. తర్వాతది 1993లోగా వస్తుందని లెక్కగట్టి, ఫాల్ట్ పొడవునా పరికరాలు పాతి కూర్చున్నారు. 1993 దాటిపోయింది. వచ్చింది 2004 సెప్టెంబరు 28న. ముందస్తు సంకేతం ఏ పరికరానికీ స్పష్టంగా అందలేదు. 1934లో, 1966లో చిరుగు వాయవ్యపు కొస నుంచి బయలుదేరింది, ఈసారి ఆగ్నేయపు కొస నుంచి.